కుర్చీలో కూర్చునే వాక్యం

మా తోడికోడలికి కబుర్లు చెప్పడం మహా కష్టం. ఊరించి ఊరించి చెబుదామని నేనింకా గొంతు సవరించుకుంటూనే ఉంటాను, "ఇంతకీ అసలు విషయం ఏంటే?" అని గాలి తీసేస్తుంది. ఇంట్లో ఎలాగూ తప్పదు, బడిలోనూ మా గదులు పక్కపక్కనే. తనది నాలుగో తరగతి, నాది మూడు, మధ్యలో చెక్క అడ్డు. దాంతో తన పాఠాలు నా పిల్లలూ, నా అరుపులు తన పిల్లలూ తేరగా వింటుంటారు. నేను తనని అక్కా అంటాను. పిల్లలేమో కుర్చీ టీచరంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. పాఠంలో ఒక పేరా చదివాక, ఒక్కో వాక్యాన్నీ ఒక్కొక్కరికి అప్పగిస్తుంది. ఇక ఆ వాక్యం వాళ్లే. తన కుర్చీ తెచ్చి గది మధ్యలో వేసి, "ఇందులో ఎవరు కూర్చోవాలి?" అంటుంది. అసలు విషయం చెప్పే వాక్యం కూర్చోవాలి. మిగతావాళ్లు కుర్చీ పట్టుకుని నిలబడాలి, అదీ ఊరికే కాదు, ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. చెప్పలేనివాళ్లు బెంచీకి తిరుగుముఖం పట్టాల్సిందే. మొదటి వాక్యం దక్కినవాడు ఎప్పుడూ ముందే ఉరికి కూర్చుంటాడు, తనతోనే కదా మొదలైందని వాడి ధీమా.

"ఏం బాబూ, వీళ్లందరూ చెప్పేది నీ గురించేనా?" అంటుంది అక్క. వాడు అటూ ఇటూ చూసి, బిక్కమొహం వేసుకుని లేస్తాడు. ఆ తర్వాత పొడుగు వాక్యం వంతు. గోలే గోల! ఒక్కోసారి ఎవరూ కూర్చోరు, కుర్చీ ఖాళీగానే ఉంటుంది. "కొన్ని పేరాలు ఇంతే. అసలు మాట పైకి అనవు. ఇంతమంది నిలబడి దేనికి ఆసరా ఇస్తున్నారో చూసి, ఆ వాక్యం మనమే చెప్పుకోవాలి," అంటుంది. అడ్డుకి ఇవతల నేను సుద్దముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఇన్నేళ్లుగా చెబుతున్నాను కానీ, నాకు ఇలాంటివి తట్టి చావవు.

ఇంత చేసినా ఒక పిల్ల మాత్రం కొరుకుడు పడలేదు. అందరూ దాన్ని గూడ్సుబండి అనేవాళ్లు. ఏమడిగినా పెట్టె తర్వాత పెట్టె, బండి కదులుతూనే ఉండేది. పాఠం దేని గురించే అంటే పాఠమంతా అప్పజెప్పేది. ఒక్క వాక్యం వదలమంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. చదువు పరీక్షలో దానికి గుండుసున్నా వచ్చింది. ఆ పరీక్ష పెట్టిన పెద్ద మాస్టారు అక్కని పిలిపించి, "ఈ పిల్లని మళ్లీ మూడులో కూర్చోబెట్టండి," అన్నారు.

మూడో తరగతంటే నాదేగా. నా ముందు బెంచీలో దాని తమ్ముడున్నాడు. తమ్ముడి పక్కన కూర్చోవాలని తెలిసిన రోజు ఆ పిల్ల మెట్ల కింద దూరి, ఎంత పిలిచినా రాలేదు. అక్క నేల మీద చతికిలబడి, చెయ్యి లోపలికి చాచి, అది పట్టుకునేదాకా అలాగే కూర్చుంది. తర్వాత పెద్ద మాస్టారి దగ్గరికెళ్లి, "నెలాఖరుకి మీరే ఇంకోసారి అడగండి. అప్పటికీ రాకపోతే మీ ఇష్టం," అని మాట తీసుకుంది.

ఆ సాయంత్రమే నన్ను కూడా లాక్కుని ఆ పిల్ల ఇంటికెళ్లింది. ఇరుకు మెట్లెక్కితే ఒకటే గది. తల్లి లాండ్రీలో పనికెళ్లింది. మంచం మీద అమ్మమ్మ ఉంది, చూపు లేదు, మంచం దిగలేదు. మేం లోపలికి అడుగుపెట్టేసరికి మనవరాలు బడిలో జరిగిందంతా పొల్లుపోకుండా చెబుతోంది. ఎవరి రిబ్బను ఊడిందో, ఏ కిటికీ రెక్క కిర్రుమందో, నేను ఎవరి మీద అరిచానో కూడా! పాపం, ఆ పిల్ల ఏదైనా వదిలేస్తే ముసలామెకి ఆ పూట లోకం అంత తగ్గిపోయినట్టే. వదలమంటే ఎందుకు ఏడ్చేదో నాకప్పుడు అర్థమైంది.

అక్క మంచం అంచున కూర్చుంది. "నిన్న ఏం చెప్పిందమ్మా మీ మనవరాలు?" అనడిగింది.

"దీనికీ ఆ పక్కవీధి పిల్లకీ మాటల్లేవు," అంది అమ్మమ్మ.

గూడ్సుబండి నోరెళ్లబెట్టింది. "నేనా మాట చెప్పనేలేదు!"

"చెప్పలేదే తల్లీ. ఒక్కదాన్నే నడిచొచ్చానన్నావు. డబ్బాలో సగం మిగిలిపోయిందన్నావు. రోజూ ఊపిరి తిప్పుకోకుండా ఆ పిల్ల ఊసే, నిన్న దాని పేరే ఎత్తలేదు. ఇంకా విడమర్చి చెప్పాలా?"

అక్క మొహం వెలిగిపోయింది. పిల్లని దగ్గరికి తీసుకుని, "నువ్వు అమ్మమ్మకి అన్నీ చెప్పు, ఒక్కటి కూడా వదలొద్దు," అంది. "కానీ అమ్మమ్మ ఏం చేస్తోందో చూశావా? అన్నీ విని, ఇవన్నీ కలిసి ఏం చెప్తున్నాయా అని ఆలోచిస్తోంది. పాఠాన్ని నువ్వు కూడా అలా విను."

నేనైతే ఇంకా వదిలెయ్, వదిలెయ్ అనే దాని తల తినేదాన్ని. మా అక్క ఒక్కటీ వదలనివ్వకుండానే దారి చూపించింది. అందుకే ఆవిడంటే నాకు అంత ఇది.

నెలాఖరు వచ్చింది. పెద్ద మాస్టారి గదిలో పిల్ల నిలబడింది. ఫెయిలైతే తీసుకెళ్లాల్సింది నేనే కాబట్టి నేనూ ఉన్నాను. నోరు విప్పకూడదన్న షరతు మీద అక్క గోడ వారగా నిలబడింది. ఆయన కాగితం తీసి చదివారు.

"గడియారాలు బాగుచేసే ఆయన అందరికంటే ముందే కొట్టు తెరుస్తాడు. సెలవు రోజున కూడా మూయడు. కొట్టు ముందు స్టూళ్లు వేసి ఉంచుతాడు. పని పూర్తయినా గడియారం వెంటనే ఇవ్వడు, కాసేపు కూర్చోమంటాడు. వీధి దీపాలు వెలిగాక కూడా ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాడు. ఇది దేని గురించమ్మా?"

"ఆయన ముందే కొట్టు తెరుస్తాడు సార్, సెలవు రోజున కూడా మూయడు, స్టూళ్లు..." బండి కదిలింది. ఇక ఇది నా తరగతికే అనుకున్నాను. అంతలో పిల్ల టక్కున ఆగి కళ్లు మూసుకుంది.

"ఆయనకి ఇంటికెళ్లాలని ఉండదు సార్. ఇంట్లో ఎవరూ లేరు."

పెద్ద మాస్టారు కాగితం వెనక్కి తిప్పి చూసుకున్నారు. "ఆయనకు పనంటే ప్రాణం అని ఉందే ఇక్కడ! ఇంట్లో ఎవరూ లేరని నేనెక్కడ చదివాను?"

"మీరు చదవలేదు సార్." పిల్ల ఆగలేదు. "పనే ప్రాణమైతే పనయ్యాక గడియారం ఇచ్చేస్తాడు కదా సార్? కూర్చోమని ఎందుకంటాడు? ఆ స్టూళ్లు ఎవరైనా వచ్చి కూర్చుంటారని. చీకటి పడ్డాక ఇంక తుడవడానికి ఏముంటుంది సార్, వెళ్లబుద్ధి కాక తుడుస్తున్నాడు."

నేను పెద్ద మాస్టారి వైపు చూశాను. ఆదివారం కూడా బడికొచ్చే మనిషి ఆయన. మేమంతా ఇళ్లకి బయల్దేరే వేళకి, సర్దిన బీరువానే మళ్లీ సర్దుతూ కనిపిస్తారు. భార్య పోయినప్పటి నుంచీ అంతే. పని పిచ్చి అనుకునేవాళ్లం మేం. ఆ పిల్లకి ఇవేవీ తెలియవు. అది చెప్పింది గడియారాలాయన గురించి.

పెద్ద మాస్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "వెళ్లి నాలుగులోనే కూర్చోమ్మా," అన్నారు. ఆ పిల్ల ఒక్క పరుగు తీసింది. నేను ఎగిరి గంతేయబోయి ఆగిపోయాను, ఎందుకంటే అక్క కదల్లేదు. ఆయన్నే చూస్తోంది.

"మాస్టారూ, సాయంత్రం మాతో ఇంటికి రండి. టీ తాగుదురుగాని."

"లేదమ్మా, పనుంది."

"ఏం పని మాస్టారూ?"

ఆయన బల్ల వైపు చూశారు. దాని మీద ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

"ఏమీ లేదమ్మా," అన్నారు.