కామాకి ముందున్న ఖాళీలు

హైస్కూల్లో గుమాస్తాగా రిటైరైన రెండో ఏడు, స్కూలు స్వర్ణోత్సవాలకని పూర్వ విద్యార్థుల జాబితా కంప్యూటర్లో ఎక్కించే పని నాకు అప్పగించారు. కొత్తపేటకి అప్పటికి కంప్యూటర్లు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు చాలామట్టుకు నా చేతిరాతే. ఆ జాబితా మొదటినుంచి చివరిదాకా నాదే కావాలనుకున్నాను. నాలుగు నెలలు కూర్చుని టైపు చేశాను. ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస: చేరిన సంవత్సరంతో కలిపి అడ్మిషన్ నంబరు, కామా, పేరు, మళ్ళీ కామా, తండ్రి పేరు.

ముప్పై ఏళ్ళు టైపు మిషను మీద పడిన చెయ్యి నాది. అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడకపోతే నాకు తోచదు. చిన్న నంబర్లకి ముందు ఒక ఖాళీ, నంబరుకీ సంవత్సరానికీ మధ్య గీతకి అటొకటి, ఇటొకటి కొట్టుకుంటూ పోయాను. అచ్చు తీసి చూస్తే తాడు పట్టి నాటిన చేలా ఉండేది.

హెడ్మాస్టరుగారు ఒక నంబరు కొట్టి వెతికితే కంప్యూటర్ లేదంది. ఇంకోటి కొడితే అదీ లేదంది.

"ఇదేంటండీ, మన స్కూల్లో ఎవరూ చదవలేదంటోందీ?" అన్నారాయన.

లెక్కల టీచరుగారు అప్పుడే వచ్చారు. ఆవిడ నాతోపాటే రిటైరై, కంప్యూటర్ క్లాసులకి రోజూ అమలాపురం బస్సులో వెళ్ళొస్తుండేవారు. నన్ను అన్నయ్యగారూ అంటారు. తెర వైపు ఒక్క నిమిషం చూసి, "నంబర్లలో ఖాళీలున్నాయండి. ఇది ఖాళీని కూడా అక్షరంగానే లెక్కేస్తుందండి. చిన్న ప్రోగ్రాం రాస్తే పోతాయి" అన్నారు. నా నాలుగు నెలల అందం ఆ ఒక్క నిమిషంలో తప్పయి కూర్చుంది.

మర్నాడు ఆవిడ ప్రోగ్రాం నడిపారు. నంబర్లలో ఖాళీలు పోయాయి. పేర్లలోవీ పోయాయి. మా వైపు తాత పేరు, ఇలవేల్పు పేరు, మొక్కుకున్న దేవుడి పేరు కలిపి పెడతారు. అవన్నీ అతుక్కుని గూడ్సు బండిలా తెర చివరిదాకా సాగాయి.

"ఇది పేరాండీ, దండకమా?" అని హెడ్మాస్టరుగారు పడి పడి నవ్వారు. నేను అంతకన్నా ఎక్కువ నవ్వాను. డైరీలో ఏనాడూ ఆరు పంక్తులు దాటనివాణ్ణి, ఆ రోజు రెండు పేజీలు రాశాను.

ఆవిడా నవ్వేశారు. "అసలుది దాచే ఉంచేను లెండి. వరుస మొత్తం కాదు, మొదటి కామాకి ముందున్న ముక్కలోనే ఖాళీలు తియ్యాలి. అన్నయ్యగారూ, నంబరు తర్వాత ప్రతి వరుసలోనూ కామా పెట్టేరా? ఒక్కచోట మర్చిపోయినా ఆ పేరు పాడైపోద్దండి."

పెట్టాను. ఒక్కటీ తప్పలేదని నాకు తెలుసు. 'నంబరు తర్వాత కామా' అని మొదటి రోజే డైరీలో రాసుకుని, లేచే ముందు ఆనాటి వరుసలన్నీ సరిచూసి, రోజుకో టిక్కు పెట్టేవాణ్ణి.

"గట్టిగా చెప్పలేనండి" అన్నాను.

"ఆయ్, పర్లేదండి, నేను చూసుకుంటాను" అన్నారు.

ఆవిడకి అంతకు ముందు నెలే శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, స్కేలు ఆనించుకుంటూ, మూడు రోజులు నా కాగితాలన్నీ వరుస వరుసా చూశారు. నేను పక్కగదిలో పేపరు చదువుతూ కూర్చున్నాను. ఆవిడ విసిగి వదిలేస్తే బాగుండును, ఖాళీలు ఒక్కొక్కటీ నేనే చెరుపుకుంటాను కదా అనుకున్నాను.

నాలుగో రోజు ప్రోగ్రాం మళ్ళీ నడిచింది. నంబర్లు దగ్గరికి జరిగాయి, పేర్లు కదల్లేదు. ఆ స్కూల్లోనే చదివిన హెడ్మాస్టరుగారు తన నంబరు కొట్టి, "హమ్మయ్య, ఉన్నానండీ!" అన్నారు.

ఆవిడ నా వైపు చెయ్యి చూపించారు. "అంతా అన్నయ్యగారి చలవేనండి. ఒక్కటంటే ఒక్క కామా తప్పలేదు. ఇంకెవరు టైపు చేసినా ఇది పనిచేసేది కాదు."

తెలివి సరే, ఈ మంచితనం కూడా ఆవిడకే ఉండాలా అని ఒళ్ళు మండింది.

బయట చెప్పులు వేసుకుంటూ అడిగారు. "మీరు రోజూ డైరీ రాస్తారు కదండీ. ఈ కామాల సంగతి అందులో ఏవైనా రాసుకున్నారేమోనని మొన్నే అడుగుదామనుకుని మర్చిపోయేను."

"లేదండి" అన్నాను.

ఆవిడ నల్లద్దాలు పైటచెంగుతో తుడుచుకుని బస్సుకి వెళ్ళిపోయారు. ఇంటికి వచ్చి డైరీ తిరగేశాను. నాలుగు నెలల టిక్కులు, ప్రతి పేజీలోనూ అదే మూల, అదే ఎత్తులో ఉన్నాయి.