మూడో నామం దగ్గర చెయ్యి జారింది

1968 సెప్టెంబరు. కారంపూడికి ఏడెనిమిది మైళ్ళ దూరాన ఒక మెట్ట ఊరు. నేనప్పుడు మా మిషన్‌లో యూత్ వర్కర్‌ని. యూత్ వర్కరంటే పల్లెల్లో కుర్రకారుకి పాటలు నేర్పే మనిషని చాలామంది అనుకుంటారు. పాటలు అందులో పావు వంతు కూడా కాదు. జొన్నచేల గట్ల మీద మైళ్ళకొద్దీ నడవాలి, పిల్లని బడి మాన్పించిన తండ్రితో పోట్లాడాలి, చుట్ట మానని సంఘపెద్దతో వాదించాలి. గుంటూరులో బి.ఏ. చదువుకుని వచ్చినదాన్ని, వాదనకి నేనెప్పుడూ వెనకాడలేదు. ఆ గుణం ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చిన సంగతే ఇది.

ఆ ఏడు నా క్లాసులో ఆరుగురు కేండిడేట్లు. మూడు నెలలు పాఠాలు విని, పాస్టరుగారి ప్రశ్నలకి జవాబులు చెప్పి, బాప్తిస్మానికి సిద్ధమైన వాళ్ళని అలా అంటాం. వాళ్ళలో సుబ్బులు ఒక్కతే ఆడపిల్ల. ఎనిమిది ప్యాసైంది. మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి సీటు మాట్లాడి పెట్టాను. బాప్తిస్మం అయిందని పాస్టరుగారు ఉత్తరం రాసిస్తే అక్టోబరులో చేరాలి. ఇంట్లో వాళ్ళెవరూ సంఘంలో లేరు. తండ్రి కోటయ్య నాలుగు నెలలు నాన్చి సరేనన్నాడు. సీటు తప్పితే మాత్రం పిల్లని తన బావమరిదికిచ్చి చేసేస్తానని నా మొహం మీదే చెప్పాడు. ఆ బావమరిదికి అప్పటికే నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి.

మా మిషన్‌లో ఇమ్మర్షన్ పద్ధతి. అంటే మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపాలి, నెత్తిన చిలకరిస్తే చెల్లదు. మెట్ట ఊళ్ళో ముంచేటన్ని నీళ్ళెక్కడివి? మా ప్రార్థన గుడి వెనక గొయ్యి తవ్వి, ఆడవాళ్ళు అర మైలు నుంచి బిందెలతో మోసుకొచ్చి నింపేవాళ్ళు. అయినా మోకాటి లోతే. కేండిడేటుని బురదలో కూర్చోబెట్టి, పడుకోబెట్టి, మోకాళ్ళు పైకి తేలితే వాటిని కూడా నొక్కి ముంచాల్సి వచ్చేది. చూసే వాళ్ళకి భక్తి బదులు నవ్వొచ్చేది. ఆ ఏడు ఊరి పక్కనే సాగర్ కాలువకి నీళ్ళొదిలారు. ఇంత నిండు కాలువ పెట్టుకుని గొయ్యి ఏమిటని నేను పట్టుబట్టాను. ముసలి పాస్టరుగారు రెండు రోజులు గొణిగి ఒప్పుకున్నారు.

ముందురోజు సాయంత్రం చోటు చూడటానికి వెళ్ళాను. కాలువకి కాపలా ఉండి షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని లస్కరంటారు. అక్కడి లస్కరు మస్తాను డెల్టా మనిషి, కాలువ గట్టున పుట్టి పెరిగినవాడు. అక్కడ దిగొద్దని అన్నాడో లేదో నేను అందుకున్నాను. గవర్నమెంటు కాలువ నీ సొత్తా, బర్రెలు దిగితే లేని అభ్యంతరం మేం దిగితే వచ్చిందా అని పావుగంట దులిపేశాను. అతను తాడు గురించి ఏదో చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. చివరికి, “మీతో నేను చెప్పలేనమ్మా,” అని వెళ్ళిపోయాడు. వాదనలో గెలిచానని సంతోషంగా ఇంటికొచ్చి, సుబ్బులు తెల్లచీర అంచులో గులకరాళ్ళు పెట్టి కుట్టాను. గొయ్యిలో చీర పైకి తేలి ఆడపిల్లలు సిగ్గుపడకుండా ఉండటానికి మేం చేసే ఏర్పాటది.

ఆదివారం పొద్దున జనమంతా వంతెన మీద నిలబడ్డారు. కేండిడేటు మొహం సంఘానికి కనపడాలన్నది మా ఆచారం. వంతెన ఎగువన ఉంది. కాబట్టి పాస్టరుగారు ఒక్కొక్కరినీ ఎగువకి తిప్పి నిలబెట్టి, వెనక్కి, అంటే దిగువకి వాల్చారు. నిలవ నీళ్ళలో ఎటు వాల్చినా ఒకటే. పారే నీళ్ళలో దిగువకి వాల్చిన మనిషిని ప్రవాహం తన్నుకుపోతుంది. అది తెలిసిన వాళ్ళు మాలో ఒక్కరూ లేరు. మొదటి ఇద్దరూ బరువైన కుర్రాళ్ళు, ఎలాగో లేచారు. మూడోది సుబ్బులు. వాలుస్తూనే నామాలు పలకడం పాస్టరుగారి అలవాటు. “తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు” అన్నంతవరకు పిల్ల చేతిలోనే ఉంది. మూడో నామానికి చేతులు ఖాళీ. అలవాటుపడ్డ నోరు మాత్రం ఆగకుండా పరిశుద్ధాత్మ నామం కూడా పూర్తి చేసింది.

నేను గట్టెంట పరుగెత్తాను. తెల్లచీర ఒకసారి కనపడి మునిగింది. నా బుర్రలో ఆ గులకరాళ్ళు తప్ప ఇంకేం లేవు, నేనే ఏరి నేనే కుట్టిన రాళ్ళు. నూరు గజాల దిగువన షట్టర్ల దగ్గర మస్తాను నిలబడి ఉన్నాడు, నాచు లాగే కొక్కెం గెడ పట్టుకుని. మామీద నమ్మకం లేక పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడట. గెడతో చీర కొంగు తగిలించి పిల్లని గట్టుకి లాగాడు. బోర్లా వేసి వీపు మీద చరిస్తే సుబ్బులు నీళ్ళు కక్కి, దగ్గి, కళ్ళు తెరిచింది. నేను పక్కన కూర్చుని కొంగుతో పిల్ల మొహం తుడిచాను. మస్తాను చీర అంచు పట్టుకుని చూశాడు.

“రాళ్ళు కట్టి మరీ తోశారా అమ్మా?” అన్నాడు.



పిల్ల బతికిందని ఊపిరి పీల్చుకునేలోపే అసలు తగువు మొదలైంది. సంఘపెద్ద ప్రకాశంగారు, మూడో నామం ఖాళీ నీళ్ళ మీద పడింది గనక బాప్తిస్మం చెల్లదన్నాడు. దేవుడికి ఇష్టం లేకే చెయ్యి జారింది, వచ్చే ఏడు చూద్దామన్నాడు. కోటయ్యకి కావలసింది అదే.

“మీ దేవుడూ వద్దన్నాడు, గంగా వద్దంది. ఇంకేంది మాటలు? లేవే, ఇంటికి పోదాం,” అని కూతురి రెక్క పట్టుకున్నాడు.

నేను ప్రకాశంగారి మీద విరుచుకుపడ్డాను. చెయ్యి జారింది పాస్టరుగారిది, దేవుడిది కాదన్నాను. బైబిలు తెరిచి వాక్యాలు చూపించాను. నేను ఒకటి చూపిస్తే ఆయన రెండు చూపించాడు. పాస్టరుగారు తడిబట్టలతో వణుకుతూ కూర్చున్నారు. అక్టోబరు సీటు నా కళ్ళముందే చేజారిపోతోంది.

మా ఇద్దరి మధ్యలోంచి సుబ్బులు లేచింది. తండ్రి చెయ్యి విడిపించుకుని అంచు కుట్టు పళ్ళతో తెంపి, రాళ్ళన్నీ నేలమీద రాల్చింది.

“మూడోది మిగిలిపోయిందంటన్నారుగా. రండి అయ్యగారూ, కానిద్దాం,” అంది పాస్టరుగారితో.

“చస్తావే,” అన్నాడు కోటయ్య.

“చావలేదుగా నాయనా. ఒద్దనుకుంటే అక్కడే ఉంచుకునేది గంగ.”

ప్రకాశంగారు తన బైబిలు మూసేశాడు. నేను లేచి మస్తాను దగ్గరికి వెళ్ళి, ఎలా దిగాలో చెప్పమని అడిగాను. నిన్న అడగవలసిన మాట. అతను నన్ను దెప్పలేదు. జనాన్ని వంతెన దింపి దిగువ గట్టుకి తోలాడు. పాస్టరుగారిని అటు తిప్పాడు. “పిల్ల మొహం దిగువకి, తల ఎగువకి. అప్పుడు నీళ్ళే లేపుతయ్యి,” అన్నాడు. సుబ్బులు నడుముకి తాడు కట్టి, రెండో కొస పట్టుకునేందుకు మనిషి కోసం చూశాడు. కోటయ్య ముందుకొచ్చి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని మడమలు గట్టులో దిగేశాడు.

“నా పిల్లని నేనే పట్టుకుంటా. మీ అయ్యగారిని ఈసారన్నా సరిగ్గా ముంచమను,” అన్నాడు.

పాస్టరుగారు మొదటి నామం నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. మూడూ పూర్తయ్యాయి. పిల్ల తడి మొహంతో లేచి నవ్వింది. మిగిలిన ముగ్గురూ అదే వరసలో దిగి లేచారు. ఉత్తరం ఆ మధ్యాహ్నమే రాయించుకుని నా సంచిలో వేసుకున్నాను, మళ్ళీ ఎవరికేం వాక్యం గుర్తొస్తుందోనని.

నాలుగేళ్ళ తర్వాత అదే ఆసుపత్రిలో నాకు సూదిమందు వేసింది సుబ్బులే. నొప్పి పెట్టిందంటే, ఓర్చుకోమని గద్దించింది. నా వృత్తిలో ఎన్నో వాదనలు గెలిచాను, వాటిలో సగం ఇప్పుడు గుర్తు కూడా లేవు. ఆ రోజు నేర్చుకున్నది ఒకటే. నన్ను కాదన్న ప్రతివాడూ నాకు అడ్డు పడుతున్నట్టు కాదు, ఒక్కోసారి నాకు తెలియనిది వాడికి తెలిసి ఉంటుంది. ఇప్పటికీ ఎవరైనా వద్దంటే నాకు ముందు కోపమే వస్తుంది. కాకపోతే, ఎందుకని అడిగి, జవాబు పూర్తయ్యాక కోప్పడతాను.