మొగులమ్మ కోసిన కోడి

మొగులమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలకు పునాదులు తవ్వే రోజుల్లో ఆమె మట్టి తట్టలు మోసేది. ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్లు మేస్త్రికి తలా ఒక సాకు చెబితే, ఈమె మాత్రం "నిద్ర పట్టింది మేస్త్రీ" అని ఉన్నదున్నట్టు చెప్పి తిట్లు తినేది. అలాంటి మనిషి ఒకే ఒక్క అబద్ధాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడాదికి పైగా సాకింది.

పందొమ్మిది వందల డెబ్బై మూడు ఎండాకాలంలో ఆమె పెనిమిటి ఐలన్న దగ్గితే తువ్వాలకు నెత్తురంటింది. ఫ్యాక్టరీలో బస్తాలెత్తే మనిషి, కండ ఉన్నవాడు. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీశారు. డాక్టరు ఐలన్నను బల్ల మీదే కూర్చోబెట్టి, మొగులమ్మను వరండాలోకి పిలిచాడు. అప్పటి పద్ధతి అదే. రోగి లోపల, మాట బయట.

"టీబీ. భయపడకు, తగ్గుతుంది. మొదట సూదులు, తర్వాత గోలీలు, మొత్తం ఏడాదిన్నర. నడుమ మానేస్తే మాత్రం ఆ మందు మళ్లీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు."

"ఆయనకు చెప్పకుండ్రి సారూ. మీ కాళ్లు మొక్కుత."

వెలిమెలలో ఆమె మేనమామకు ఇదే జబ్బు. ఎవరో పేరు చెప్పేశారు. ఆ పూటే గోడ వైపు తిరిగి పడుకున్నవాడు మళ్లీ ఇటు తిరగలేదు, నెల దాటలేదు. అంబలి గిన్నె పట్టుకుని ఆ మంచం పక్కన నిలబడ్డ పిల్ల మొగులమ్మే. మామను చంపింది జబ్బు కాదు, దాని పేరని ఆమె నమ్మకం.

"ఏమన్నడే డాక్టరు?" బల్ల మీది నుంచి అడిగాడు ఐలన్న.

"ఛాతిల నిమ్ము చేరిందంట. జెర టైం పడ్తదంట."

అత్త ఎంకమ్మకూ అదే చెప్పింది. ఫ్యాక్టరీకీ అదే చెప్పింది. అసలు పేరు తెలిస్తే వాళ్లు మళ్లీ గేటు లోపలికి రానియ్యరు.

నాలుగో నెలలో ఐలన్న ఒకసారి, "నిమ్ముకు గిన్ని సూదులా?" అన్నాడు. "పాత నిమ్మంట," అంది. అతను ఇంకేమీ అడగలేదు. మొగులమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆమె చేసిన తప్పుల్లో అది మొదటిది.

చూడవచ్చిన చుట్టాలు గడపలో నిలబడే "ఎట్లున్నోడు ఎట్లయిండు!" అని ముక్కు చీదేవాళ్లు. ఐలన్న రాగానే మాట ఆపేవాళ్లు. పోతూ పోతూ మొగులమ్మను "ఆయన మంచిగున్నడా?" అని అడిగేవాళ్లు. ఆమె సంగతి ఎవరికీ పట్టలేదు. ముద్ద గొంతు దిగడం మానేసింది. కూరలో రెండుసార్లు ఉప్పు పడేది. బావి దగ్గర చేద వదిలి, తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

పక్క గదిలో కిరాయికి ఉన్న నాగేశ్వరి ఒక్కతే ఇది గమనించింది. ఆమెది గోదావరి వైపు. భర్తకు పెద్ద కర్మాగారంలో ఉద్యోగం వస్తే వెంట వచ్చింది.

"మొగులమ్మా, మీ ఆయన సంగతి అలా ఉంచు. నువ్వు తిన్నావా?"

అంతే, మొగులమ్మ గోడకానుకుని కూలబడి ఏడ్చింది. జబ్బు పేరు ఆమెకొక్కదానికే చెప్పింది.

"ఆయనకి చెప్పెయ్యకూడదూ? మగాడేగా, తట్టుకుంటాడు."

"మా మామ గూడ మొగోడే నాగేశ్వరమ్మా."

ఏడాది గడిచాక మళ్లీ ఫొటో తీశారు. డాక్టరు మళ్లీ ఆమెనే వరండాలోకి పిలిచాడు. "మచ్చ చాలా తగ్గింది. బతికించుకున్నావు పో. ఇంకో ఆర్నెల్లు గోలీలు ఆపొద్దు."

బస్సులో మొగులమ్మకు నవ్వాగలేదు. కానీ ఆ సంతోషాన్ని మొగుడికి ఏమని చెప్పాలి? లేదన్న జబ్బు తగ్గిందని ఎలా చెప్పడం? నోటితో చెప్పలేనిది చేత్తో చేసింది. జోగిపేటలో ఉన్న ఆడబిడ్డ ముత్యమ్మకు కబురు పంపింది. పెంచుకున్న పుంజును కోసింది. పొద్దున్నే ఐలన్న పక్కన కూర్చుని ప్రేమగా అడిగింది: "ఏం తినబుద్ధయితుంది నీకు?"

ఐలన్న ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "నీ ఇష్టం," అన్నాడు.

ఆ రోజు కడుపునిండా తిన్నాడు. అక్క చేతి ముద్ద కూడా తిన్నాడు. "అవ్వను జెర అరుసుకో అక్కా," అని తల్లిని ఆమెకు అప్పగించాడు. "గిప్పుడెందుకురా తమ్మీ గా ముచ్చట!" అని ముత్యమ్మ కసిరింది. ఎన్నడూ లేనిది మొగులమ్మ కష్టాన్ని నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆమె మురిసిపోయింది.

నాలుగు నెలలకు తువ్వాలకు మళ్లీ నెత్తురంటింది.

ఆసుపత్రికి బయలుదేరుతూ, బస్సు పైసలు పెట్టుకుందామని గోడ మేకుకు వేలాడే అతని పాత తమాకు సంచి దించింది. లోపల గలగలమంది. గోలీలు. రోజూ ఆమె చేతికిచ్చినవే. నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, ఆమె అటు తిరగగానే దవడ నుంచి తీసి దాచినవి.

"ఏందయ్యా ఇవి?"

"పోయేటోనికి గోలీలెందుకే. దండుగ."

"ఎవలన్నరు పోతవని?"

"ఎవలనాలె? అక్కను పిలిపిస్తివి. కోడి కోస్తివి. ఏం తినబుద్ధయితుందని అడిగితివి. మా నాయన పోయే ముంగట మా అవ్వ గూడ గట్లనే అడిగింది. గప్పుడు గూడ మేమందరం నిమ్మనే అన్నం."

మొగులమ్మ సంచితో సహా నేల మీద కూర్చుంది. పేరు చెప్పింది. వరండాలో విన్న రెండు మాటలూ చెప్పింది. "తగ్గిందనే కోసిన. సంబురానికి కోసిన కోడి అది."

ఐలన్న ఆమె ఒళ్లోని సంచిని తీసి పక్కన పెట్టాడు. "మరి గా ముక్క గప్పుడే అనరాదే?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఫొటో చూసి, లేచి, మొగులమ్మను బయటికి రమ్మని సైగ చేశాడు. ఆమె బల్ల మీది నుంచి లేవలేదు.

"ఈడనే చెప్పుండ్రి సారూ. ఆయన ముంగటనే."

డాక్టరు చెప్పాడు. ముందటి మందు ఇక పనిచేయకపోవచ్చు. వేరే మందులు ఖరీదువి, ఇక్కడ దొరకవు, వాడినా హామీ లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. పోయిన ఎండాకాలం ఇలా కూర్చుని ఉంటేనా అని మొగులమ్మ అనుకుంది, పైకి అనలేదు.

ఇంటికి వచ్చేసరికి ఎంకమ్మ గడపలోనే ఉంది. "ఏమన్నడు బిడ్డా డాక్టరు?"

మొగులమ్మ నోరు తెరిచింది. ఈసారి ఉన్నదే చెబుదామనుకుంది. ఈలోగా ఐలన్నే అందుకున్నాడు.

"నిమ్మంట అవ్వా. పాత నిమ్ము."

ముసలామె కొడుకు ముఖంలోకి చూసింది. కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని అడిగింది:

"ఏం తినబుద్ధయితుంది కొడుకా నీకు?"