విత్తనాల కుండలో దుకాణం పెసలు

మా వదిన దాచిన విత్తనం పెసలు పుచ్చిపోవడానికి కారణం నేనే. ఈ మాట పదేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

బుగ్గారంలో మా వాడకట్టులో సగం ఇళ్లకు విత్తనం పెసలు వదిన కుండలోంచే వెళ్లేవి. ఎర్రటి ఎండలో నాలుగు రోజులు ఆరబోసి, గింజను పంటి కింద వేస్తే టప్పున విరిగితేనే కుండకెత్తేది. పైన వేపాకు, దాని మీద నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక. విత్తే దాకా ఆ ఇసుకను కదపనిచ్చేది కాదు.

ఆ ఏడు వానాకాలం ముసురులో సిరిసిల్ల నుంచి నా స్నేహితులు ఇద్దరు వచ్చారు. వదిన పుట్టింటికి వెళ్లింది. గారెలకని కుండలోంచి రెండు తవ్వల పెసలు తీశాను. తెలిస్తే తిడుతుందని మర్నాడు కోరుట్ల దుకాణంలో కొని తెచ్చి కలిపేశాను. ఆ గింజల మీద అక్కడక్కడా తెల్ల చుక్కలు కనిపించాయి. దుమ్మనుకున్నాను. కుండలోంచి తీసి అరుగు మీద పోసిన ఇసుక జల్లుకు తడిసింది. అదే మళ్లీ కప్పాను.

దసరా దాటాక ఆడవాళ్లు విత్తనం కోసం చాటలతో వచ్చారు. కుండ తెరవగానే గోధుమరంగు పురుగులు బిలబిలా పైకి పాకాయి. గింజ గింజకూ గుండ్రటి తూటు.

"ఏందక్కా, విత్తనం దాచినవా, పురుగులను సాదినవా?" అంది పక్కింటామె. అందరూ నవ్వారు.

"మంచిగనే ఎండబెట్టిన. గీ పురుగు ఏడికెల్లి వచ్చిందో!" అంది వదిన. నేను గడపలోనే ఉన్నాను. మరుసటి ఏడు నుంచి ఆమె దగ్గరకు ఎవరూ చాట పట్టుకుని రాలేదు.

పురుగు నెల దాటాక బయటపడింది కదా, నా వల్ల కాదేమోనని సర్దిచెప్పుకునేవాడిని. మొన్న ఎండాకాలం జగిత్యాలలో ఒక వ్యవసాయాధికారి అలాంటి గింజనే అరచేతిలో పెట్టి చూపించాడు. "గీ తెల్ల చుక్క పురుగు గుడ్డు. పిల్ల పురుగు గింజ లోపలనే తిని పెరుగుతది. తేమ, వెచ్చదనం దొరికితే నెల తిరిగేసరికి రెక్కలొస్తయి. బాగ ఎండిన గింజల గంత జల్ది పెరగదు." నా సాకు అక్కడితో పోయింది.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను చెడగొట్టలేదని నాకు ఎరుకే. నవ్వినోళ్లకు చెప్పు."

మర్నాడు పక్కింటి వాకిట్లో నలుగురు బీడీలు చుడుతున్నారు. వదినను వెంటబెట్టుకుని వెళ్లాను.

"గా ఏడు కుండల దుకాణం పెసలు కలిపింది నేను. తడి ఇసుక కప్పింది నేనే. మీరు నవ్వుతుంటే నోరు మూసుకున్న. వదినా, తప్పయింది. మాఫ్ చెయ్యి" అన్నాను.