గవర్న్ అంటే ఏమిటో చెప్పిన టీచరు గారు

మొన్న ఆదివారం పొద్దున మా ఇంగ్లీషు టీచరు గారు పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ వెళ్లిపోయింది" అని మాత్రం అంది. ఫోన్లో అటువైపు చర్చిలో ఎవరో మైకు సరిచేస్తున్న చప్పుడు వినిపించింది.

పర్చూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ చాలా ఏళ్లు పనిచేశారు. రిటైరయ్యాక కూడా ఊరు వదల్లేదు. ఊరి చివర క్రైస్తవుల పేటలో చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. నేను పక్క ఊరి నుంచి నడిచొచ్చి ఆ బళ్లోనే చదువుకున్నాను. తర్వాత ఈ ఊరికే కోడలిగా వచ్చాను. ఒకసారి సర్పంచిని కూడా అయ్యాను.

ఆవిడకి క్రియాపదాలంటే ప్రాణం. కొత్త క్రియ బోర్డు మీద రాసి, "ఈ పని చేసేదెవరు? కర్త ఎవరు?" అని అడక్కుండా ముందుకి కదిలేవారు కాదు. కొంగుకి అంటిన సుద్దపొడి దులుపుకుంటూ మేం చెప్పేదాకా ఆగేవారు.

తొమ్మిదో తరగతిలో 'గవర్న్' అనే మాట వచ్చింది. "పరిపాలించుట" అని గైడులో ఉన్నది ఉన్నట్టు అందరం అరిచాం. ఆవిడ బోర్డు మీద ఒక పడవ గీశారు. వెనకవైపు చుక్కాని, దాన్ని పట్టుకుని కూర్చున్న బక్కమనిషి.

"ఈ మాట పుట్టినప్పుడు ఇందులో రాజు లేడర్రా, పడవ ఉంది," అన్నారు. "గ్రీకువాళ్లు పడవని దారిలో పెట్టి నడపడానికి ఈ మాట వాడేవాళ్లు. అక్కణ్ణుంచి లాటిన్‌కి పోయింది, ఆపైన ఫ్రెంచికి, చివరికి ఇంగ్లీషుకి. రాజులు తర్వాతెప్పుడో ఎక్కారు. మా నాన్న తాడేపల్లి దగ్గర కృష్ణలో పడవ నడిపేవాడు. రోజూ గవర్న్ చేసేవాడన్నమాట!"

మేం పకపకా నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు. నవ్వు ఆగాక, "ఎక్కినవాళ్లందరినీ అవతలి ఒడ్డుకి చేరిస్తేనే ఆ పని చేసినట్టు," అన్నారు.

ఆడవాళ్లకి సీటు రిజర్వయినప్పుడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, నన్ను నిలబెట్టారు. గెలిచాను. పంచాయతీ ఆఫీసులో కుర్చీలో మాత్రం ఆయనే కూర్చునేవారు. సంతకం కావాలంటే కాగితాలు మా వంటింటికి వచ్చేవి.

ఆ ఏడాది మిరపకి తెగులు ముదిరింది. మందు కొట్టడానికి నీళ్లు చాలక కొందరు రైతులు మంచినీళ్ల పైపుకే కన్నం పెట్టి పొలాల్లో తొట్లు నింపుకున్నారు. అందరికంటే ముందు కన్నం పెట్టింది మా బావగారే. పైపు చివర ఉన్న పేటలో కుళాయిలు ఎండిపోయాయి.

టీచరు గారు పంచాయతీ ఆఫీసుకి వచ్చారు. "సర్పంచ్ గారితో మాట్లాడాలండి," అన్నారట.

"నాతో చెప్తే ఆవిడతో చెప్పినట్టే, చెప్పండి," అన్నారట బావగారు. కూర్చోమని కూడా అనలేదు.

"ఆవిడ వచ్చేదాకా ఉంటాను," అని ఆవిడ బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నమైనా కదల్లేదు. జనం పోగయ్యారు. చివరికి బంట్రోతు చేలో పత్తి తీస్తున్న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

నేను వెళ్లేసరికి ఆవిడ లేచి నిలబడ్డారు.

"అయ్యో, మీరు లేవడమేంటండీ టీచర్ గారూ!"

"సర్పంచ్ గారొస్తే లేవాలి కదమ్మా," అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. "పేటకి నీళ్లు రావట్లేదు. ఎందుకు రావట్లేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తిరిగి ఇప్పించాల్సిందెవరు? మీ నోటితో చెప్పండి."

క్లాసులో అడిగే గొంతే. లోపల్నుంచి బావగారు, "అమ్మాయ్, నువ్వు ఇంటికెళ్లు, నేను చూసుకుంటా," అన్నారు.

"నేనేనండి," అన్నాను టీచరు గారితో. లోపలికి వెళ్లి, "కొంచెం లేవండి బావగారూ," అన్నాను. అందరూ చూస్తున్నారు కాబట్టి లేచారు.

మర్నాడు దొంగ కనెక్షన్లన్నీ పీకించాను. మొదట మా బావగారిదే. ఆయన మా గుమ్మం తొక్కడం మానేశారు. మా ఆయన కూడా కొన్నాళ్లు నేను వడ్డిస్తే తినలేదు. ఓర్చుకోలేక టీచరు గారింటికి వెళ్లి ఏడ్చాను. ఆవిడ టీ కలిపి చేతికిచ్చారు.

"పడవ తిప్పినప్పుడు అందరూ ఓ పక్కకి ఒరుగుతారమ్మా. కాసేపు తిడతారు. ఆ కాసేపూ చెయ్యి వదలకూడదు," అన్నారు. నేను తాగేదాకా పక్కనే కూర్చున్నారు.

మా ఆయన మెత్తబడ్డారు. బావగారు ఇప్పటికీ మాట్లాడరు. ఆ తర్వాత ఎన్నికల్లో నన్ను ఎవరూ నిలబెట్టలేదు. నీళ్లు మాత్రం పేటకి ఆగలేదు.

కిందటేడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట చాలావరకు పోయింది. జీవితమంతా మాటల పుట్టుక చెప్పిన మనిషి, మంచం మీద ఒక్కో మాట కోసం వెతుక్కుంటుంటే చూడలేకపోయేదాన్ని. చివరిసారి వెళ్లినప్పుడు నన్ను గుర్తుపట్టి, "నీళ్లు... నీళ్లు..." అన్నారు. వాళ్లమ్మాయి గ్లాసు తెచ్చింది. తల అడ్డంగా ఊపి, వేలితో వీధి కుళాయి వైపు చూపించారు.

"వస్తున్నాయండీ. పూటపూటా వస్తున్నాయి," అన్నాను. కళ్లు మూసుకున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆవిడకి నేను చెప్పుకోవాల్సింది ఇంకా చాలా ఉండిపోయింది.

సోమవారం శవపెట్టెని ట్రాక్టరు మీద పెట్టి సమాధుల దొడ్డికి తీసుకెళ్లారు. నేను వెనకాల నడిచాను. దారి పక్క కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఘాటుకి ముక్కూ నోరూ గుడ్డలతో బిగించి కట్టుకుని ఆడవాళ్లు తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. ట్రాక్టరు దగ్గరికి రాగానే ఒక్కొక్కరే లేచి, ముఖాల మీది గుడ్డలు విప్పేశారు. గాలి వాళ్ల వైపే కొడుతోంది. దగ్గుతూ, తుమ్ముతూ, గుడ్డలు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డారు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఒక్కరూ ఇంకా కట్టుకోలేదు.