వెనక సీటు మాట

ఈ ఉదయం షెడ్డులో కాలిన ఆయిల్ వాసన ముక్కుకు తగిలేసరికి అప్పలస్వామి బాబాయ్ గుర్తొచ్చాడు. మా పదేళ్ల కారుకు ఇంజన్ పని చేయించాలా, అమ్మేసి కొత్తది కొనాలా అని తేల్చుకోవడానికి వెళ్లాను. మెకానిక్ బానెట్ ఎత్తి ఏదో చెబుతుంటే నేను వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. అతను వింతగా చూశాడు. అక్కడ ఏ ఇబ్బందీ అనిపించలేదు. దిగి, పని మొదలుపెట్టమన్నాను.

బాబాయ్ మాకు చుట్టం కాదు. విజయనగరంలో మా పక్కింటాయన, రిటైరైన బస్సు డ్రైవరు. మా వీధిలో ఎవరు బండి కొన్నా అమ్మినా ఆయన ఊ అనాల్సిందే. కానీ బండిగలవాడు చెప్పేది మాత్రం చెవిన పెట్టేవాడు కాదు. "ఆడు బండి మీద పేమలో ఉంతాడు, ఆడి మాట సెల్లదు" అనేవాడు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్న స్కూటరు నాకొకటి ఉండేది. పార్వతిని పొందూరు నుంచి కాపురానికి తెచ్చుకున్నది దాని మీదే. నెలకోసారి మొరాయించేది, నెలకోసారి బాగు చేయించేవాణ్ణి. చివరికి నెల్లిమర్ల దారిలో చతికిలబడింది. మెకానిక్ ఎలాగో కదిలించాడు గాని, ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు. విప్పిద్దామనే నా పట్టుదల. బాబాయ్ నాకు వంత పాడతాడని ధీమాగా వెళ్లాను.

ఆయన స్కూటరు వెనక సీట్లో కూర్చుని "పోనీ" అన్నాడు. కోట చుట్టూ తిప్పి తెచ్చాను. దిగి, నడుం పట్టుకున్నాడు. నేరుగా మా ఇంట్లోకి వెళ్లాడు.

"అమ్మా పార్వతీ, ఈ బండి ఉంచాలా, తీసెయ్యాలా?"

"నన్నడుగుతారేటి మావయ్యా? బండి ఆయనది."

"ఎనక కూకుండేది నువ్వే కదమ్మా."

పార్వతి నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "గొయ్యి వచ్చినప్పుడల్లా నడుం జివ్వుమంటాది. రెండేళ్లయింది. సెప్తే ఈయన బాధపడతారని సెప్పనేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. పొందూరు వెళ్లొచ్చిన ప్రతిసారీ బండి ఎంత బాగా లాగిందో ఆమెకే వర్ణించి చెప్పేవాణ్ణి.

"ఒరే, ముందు కూకున్నోడికి రోడ్డు కనపడతాది, గొయ్యీ కనపడతాది. ఎనకోలికి ఏటి కనపడతాది? నీ ఈపు" అన్నాడు బాబాయ్. వారం తిరక్కుండా స్కూటరు అమ్మేశాను. కొత్తదాన్ని పార్వతే వెనక కూర్చుని చూసి ఎంచింది.

కొన్నేళ్లకు బాబాయ్ చూపు తగ్గింది. తన మోపెడ్ అంటే ఆయనకు ప్రాణం. ఇక నడపొద్దని చెప్పే ధైర్యం మా ఎవరికీ లేకపోయింది. ఒకరోజు ఆయనే వచ్చి తాళం నా చేతిలో పెట్టాడు.

"ఏటి బాబాయ్, బండి పాడైందా?"

"బండి బాగానే ఉన్నాది. మనవరాలినడిగాను. తాతా, ఎనక కూకుంటే బయమేస్తాంది అంది. బండికైతే రిపేరుంది గాని నాకు నేదురా" అని పకపకా నవ్వాడు.

నవ్వాడు గాని, అంతమందిని వెనక కూర్చోబెట్టుకుని బస్సు నడిపిన మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. అప్పటినుంచి పోయేదాకా ఎక్కడికెళ్లాలన్నా నా స్కూటరు మీదే వచ్చేవాడు. అలా పోనీ, ఇలా తిప్పు అని ఒక్కనాడూ అనలేదు. గొయ్యిని మెల్లగా దాటించినప్పుడు మాత్రం నా భుజం మీద ఒకసారి తట్టేవాడు. నేను చదివిన చదువుకు ఎవరూ నన్నంతగా మెచ్చుకోలేదు.

ఇప్పటికీ గొయ్యి కనబడితే, వెనక ఎవరూ లేకపోయినా, బండిని నెమ్మదిగా పోనిస్తాను. భుజం ఆ చేతి కోసం చూస్తుంది.