మొత్తంలోకి రాని మా పెద్దవాళ్ళు

ఆ కుర్చీ కాస్త ఇటు లాక్కోండి, ఫ్యాను గాలి ఇక్కడికే బాగా తగులుతుంది. చేతిలో చిక్కుడుకాయలుంటే తుంచుకుంటూనే వినండి. మా ఇంటి భోజనాల సంగతి ఇది.

పోయినేడు మా ఆయనకు రాజమండ్రిలో మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు తిరిగేసరికి చేతికర్ర మూలన పడేసి చర్చిదాకా నడిచి వెళ్ళొచ్చారు. ఆ సంతోషంలో ఒక శనివారం ఇంటి ముందు పందిరి వేసి కృతజ్ఞత కూడిక పెట్టుకుందామనుకున్నాం. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం చుట్టాలకూ సంఘంలో వాళ్ళకూ భోజనాలు.

భోజనాలు అనుకోగానే నా గుండెల్లో రాయి పడింది. దానికి కారణం మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు. ఆవిడది కొవ్వూరు. మా అబ్బాయి పెళ్ళిలో ఆవిడ పంక్తి వచ్చేసరికి కోడికూర అయిపోయింది. వట్టి పులుసుతో తిని లేచారు. అది మొదలు ఎవరింట్లో భోజనాల మాటొచ్చినా ఆవిడ ఆ కథ ఎత్తుకుంటారు. మొదటి ఏడు "పులుసు పోశారమ్మా" అన్నారు. తర్వాత "పలచటి చారు" అయింది. ఈమధ్య "మా తమ్ముడి ఇంట్లో నాకు వేడినీళ్ళు పోసి అన్నం పెట్టారు" అంటున్నారట. ఈసారి కూడా ఆవిడ విస్తట్లో కూర పడకపోతే నేను మళ్ళీ నలుగురిలో తలెత్తుకోలేను.

అందుకని పిలుపుల లెక్క మా కోడలికి అప్పగించాను. తను రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. సాయంత్రం బస్సు దిగి కాళ్ళు కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. గళ్ళు గళ్ళుగా ఉన్న షీటులో ఒక గడిలో ఇల్లు, పక్క గడిలో ఎంతమంది వస్తారో, నేను చెబుతుంటే కొట్టింది. అడుగున 'మొత్తం' అని పెట్టింది. నూట నలభై రెండు వచ్చింది.

"ఇక మీరు వేళ్ళు మడిచి లెక్కపెట్టక్కర్లేదు అత్తయ్యగారూ. ఎంతమందిని కలిపినా అదే కూడుకుంటుంది" అంది.

మర్నాడు మా మేనమామగారు గుర్తొచ్చారు. ఐదుగురు వస్తారు. కోడలు చివర రాయబోతే నేను ఆపాను.

"ఏంటమ్మాయ్, మామయ్యగార్ని తీసుకెళ్ళి మొన్న పెళ్ళయిన కుర్రాళ్ళ కింద కూర్చోబెడతావా? అన్నిటికంటే పైన రాయి."

మా అత్తగారి రోజుల్లో పిలుపుల కాగితం రాసేటప్పుడు పైన జానెడు ఖాళీ వదిలేవాళ్ళం. తర్వాత గుర్తొచ్చిన పెద్దవాళ్ళు ఆ ఖాళీలోకి ఎక్కేవారు. పేరు కింద రాశామని తెలిస్తే అన్నం పెట్టినా తిననివాళ్ళున్నారు మాలో. కోడలు బుద్ధిమంతురాలు. ఎదురు చెప్పకుండా మొదటి ఇంటికి పైన కొత్త వరస ఒకటి దూర్చి మామయ్యగార్ని ఎక్కించింది.

ఆ తర్వాత నాకు అక్షరాలు నేర్పిన మాస్టారు, నలుగురు. ఆయన మామయ్యగారికంటే పెద్ద, ఇంకా పైకి. మా పెద్దమ్మగారింట్లో ఆరుగురు. మా ఆయన బాబాయిగారింట్లో ఎనిమిదిమంది. అందరికంటే పైన, ఎవరూ వేలెత్తి చూపకుండా, మా వదినగారు, ఆరుగురు. వదినగారిని మొదటే ఎందుకు రాయలేదంటారా? ఆవిడే ఫోను చేసి "నేనొస్తానో రానో, మీ కూరని బట్టి" అని బిగదీసుకుని కూర్చున్నారు మరి.

గురువారం సాయంత్రం వంటమేస్త్రి ఫోను చేశాడు.

"అమ్మగారండీ, ఎంతమందికి అనుకోమంటారండీ? కోళ్ళు చెప్పుకోవాలండి."

కోడలు షీటు తెరిచి చూసి "నూట నలభై రెండు" అంది. నేను కూడా మేస్త్రితో అదే చెప్పేసి ఫోను పెట్టేశాను. పెట్టాక బుర్రలో ఏదో గుచ్చుకుంది.

"అమ్మాయ్, మొదటిరోజు కూడా నూట నలభై రెండే అన్నావు కదా?"

"ఏమో అత్తయ్యగారూ, ఇంకేదో అని ఉంటాను."

"లేదు. ఇదే అన్నావు. అప్పుడు మీ మామగారు పక్కన జామకాయ తింటున్నారు."

మా ఆయన అరుగుమీద నుంచి అందుకున్నారు. "మీ అత్తయ్యకి జామకాయలు కూడా గుర్తుంటాయమ్మా. ఆ కంప్యూటరు కట్టేసి తననే అడుగు."

"కంప్యూటరు కూడికలో తప్పు రాదండీ మామయ్యగారూ" అని కోడలికి కాస్త రోషం వచ్చింది.

నేను కళ్ళు మూసుకుని మా వీధి మొదట్లోంచి బయల్దేరాను. మూలింట్లో నలుగురు, పక్కన పాల ఆవిడ ఇంట్లో ముగ్గురు, అలా ఇల్లిల్లూ తలుపు తట్టుకుంటూ కొవ్వూరుదాకా వెళ్ళి తేలాను. నూట డెబ్భై ఒకటి. కోడలు పరీక్షగా చూద్దామని వదినగారి గడిలో ఆరు తీసేసి ఆరు వందలు కొట్టింది. అడుగున మొత్తం ఏమీ ఎరగనట్టు నూట నలభై రెండు దగ్గరే కూర్చుంది.

"చూశారా," అన్నారు మా ఆయన, "మా అక్క ఆరు వందల మందిని వేసుకొచ్చినా దీనికి చీమ కుట్టినట్టు లేదు. ఇంత ధైర్యం మన ఇంట్లో ఎవరికీ లేదు."

కోడలు ఆ మొత్తం గడిని నొక్కి లోపల ఏముందో చదివింది. చదివి నుదురు కొట్టుకుంది.

"తప్పు నాదే అత్తయ్యగారూ. ఫలానా వరస నుంచి ఫలానా వరస దాకా కూడు అని చెప్పాను. మనం పెద్దవాళ్ళందర్నీ ఆ మొదటి వరసకి పైన ఎక్కించాం. అది వాళ్ళని చూడనే చూడట్లేదు."

కుర్రాళ్ళందరికీ కూరుంది. మాస్టారికి లేదు, మామయ్యగారికి లేదు, వదినగారికి అసలే లేదు. ఏరి ఏరి మర్యాద చేసిన వాళ్ళందర్నీ పస్తు పడుకోబెట్టబోయాం.

కోడలు అప్పటికప్పుడు దానికి మందు వేసింది. అన్నిటికంటే పైన 'ఇల్లు', 'ఎంతమంది' అని తలకట్టు రాసి ఉంటుంది కదా, ఆ తలకట్టు గడి దగ్గర నుంచే కూడమంది. అక్షరాలను అది లెక్కలోకి తీసుకోదట. ఇక ఎంత పెద్దవాళ్ళని ఎంత పైన దూర్చినా తలకట్టు కిందకే వస్తారు, కూడికలో పడతారు. నొక్కగానే మొత్తం ఏడు వందల అరవై ఐదు అయింది!

"ఓరి దేవుడా!" అన్నాను.

"మీ వదినగారి ఆరు వందలండీ" అని కోడలు నవ్వుతూ ఆరు కొట్టింది. నూట డెబ్భై ఒకటి. నేను మేస్త్రికి ఫోను చేసి ఇరవై తొమ్మిదిమందిని కలపమన్నాను. శుక్రవారం వదినగారే ఫోను చేసి, తన మరిదిగారి వాళ్ళు నలుగురు కూడా వస్తారన్నారు. కోడలు వరస దూర్చింది. నేను ముందుకు వంగి చూశాను. అడుగున అంకె నూట డెబ్భై అయిదుకి తనంతట తాను మారింది.

శనివారం ప్రార్థన అయ్యాక మొదటి పంక్తిలోకి రండి వదినగారూ అని చెయ్యి పట్టుకున్నాను. వస్తారా ఆవిడ?

"పిల్లల్ని కూర్చోనివ్వమ్మా, నాకేం తొందర" అని పందిరి రాటకి ఆనుకుని వంట దగ్గరికే చూస్తూ నిలబడ్డారు. కావాలనే చివరి పంక్తిలో చివరి విస్తరి ముందు కూర్చున్నారు.

గరిటె నేనే పట్టుకెళ్ళాను. మొదటిసారి వడ్డిస్తే మాట్లాడకుండా తిన్నారు. రెండోసారి "వద్దమ్మా" అంటూ విస్తరి ముందుకు జరిపారు. మూడోసారి అడిగి వేయించుకున్నారు. నేను పక్కనే నిలబడ్డాను, పరీక్ష రాసిన పిల్లలా.

చెయ్యి కడుక్కుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నా వైపు తిరిగారు.

"అంతా బాగానే ఉంది మరదలా. కోడికూరలో ఉప్పే, ఒక్క పిసరు తగ్గింది."

నాకు పట్టలేని సంతోషం వచ్చింది. ఉప్పు తగ్గిందంటే కూర ఉన్నట్టే కదండీ! ఇప్పుడు కొవ్వూరులో ఆ ఉప్పు కథే నడుస్తోందట. నడవనివ్వండి, నాకేం బాధలేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గుమ్మంలోకి వచ్చిన పెద్దా చిన్నా అందరికీ కడుపునిండా పెట్టే శక్తి దేవుడు మీకివ్వాలి, తిన్నవాళ్ళు వంకలు పెట్టినా మళ్ళీ మళ్ళీ మీ ఇంటికే రావాలి.